తెరిచే ఉన్న ట్రంకు పెట్టె

శ్రీకాకుళం ఆసుపత్రి

ప్రియమైన బావకి,

నాగబాబు ఆటోలో క్యారేజీ అందింది. అత్త పులుసులో ఉప్పు రెండుసార్లు వేసినట్టుంది, అయినా తినేశాను. పసిపిల్లల వార్డులోకి ఫోను రానివ్వరు. బయటికొచ్చి చేస్తే నీ గొంతు వినగానే నాకు ఏడుపొస్తుంది. అందుకే ఖాళీ గిన్నెలో ఈ ఉత్తరం పెడుతున్నాను.

బుజ్జిది నా మోచేతి నుంచి వేళ్ల దాకా కూడా లేదు. కోపం మాత్రం అత్తదే.

డాక్టరమ్మ ఒక మాట చెప్పింది, కంగారు పడకు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులకు పని ఉండదు. రక్తం వాటిని తప్పించుకుని పోవడానికి గుండె దగ్గర చిన్న అడ్డదారి ఉంటుంది. పుట్టాక అది మూసుకుపోవాలి. మనది ఏడో నెలలోనే వచ్చేసింది కదా, ఆ దారి తెరిచే ఉంది. ఒంటికి పోవాల్సిన రక్తం వెనక్కి మళ్లి ఊపిరితిత్తులను ముంచేస్తోంది. అందుకే ఆయాసం. పొట్టకీ మూత్రపిండాలకీ రక్తం చాలక పాలు అరగడం లేదు, బట్ట తడపడం లేదు. కాలవ నీళ్లు వదిలే మదుం మూయకపోతే పక్క మడి మునిగి మన మడి ఎండిపోయినట్టు.

నీ నీలవేణి

*

శ్రీకూర్మం

ప్రియమైన వేణికి,

ఉభాలు సగం అయ్యాయి, ఇంకా సగం మడుల్లో నారు నాటాలి. పొలం నుంచి వచ్చిన బురద కాళ్లతోనే నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. అదే నేను చేసిన తప్పు.

నీకు నొప్పులు మొదలైనప్పుడు, కాన్పు తేలికవ్వాలని అమ్మ ఇంట్లో తలుపులు, డబ్బాలు, తాళాలు అన్నీ తెరిచేసి, మూటల ముడులు విప్పేసింది గుర్తుందా? ఈలోగా అంబులెన్సు వచ్చేసింది. ఇప్పుడు ఏమంటోందో విను. "నానే తెరిసీసినాను గిరీ. మల్ల మూయడం మరిసిపోనాను. దాని గుండెలో తలుపు అందుకే మూసుకోనేదు."

అప్పటినుంచి మూస్తూనే ఉంది. కోళ్ల గూడు పట్టపగలే మూసేసింది. నా చొక్కా పై గుండీ పెట్టించింది. మధ్యాహ్నం నాకు అన్నం కిటికీలోంచి అందింది.

ఇక మిగిలింది నీ ట్రంకు పెట్టె. తాళం వేస్తే గానీ దాని మూత నిలవదు, తాళంచెవేమో నీ సంచిలో ఉండిపోయింది. క్యారేజీలో పంపించు. నవ్వుతూ రాస్తున్నాను గానీ, అమ్మ నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు.

నీ గిరిబాబు

*

ప్రియమైన బావకి,

అత్తకి చెప్పు, ఆ దారి ఆమె తెరిచింది కాదు. కడుపులో ఉన్న ప్రతి బిడ్డకీ అది తెరిచే ఉంటుంది. నెలలు నిండకుండా పుడితే మూసుకోవడం కష్టమవుతుంది, అంతే.

జ్వరానికి వాడే మందునే సన్న గొట్టంతో రక్తంలోకి ఎక్కిస్తున్నారు. దాంతో మూసుకోవచ్చట. తర్వాత గుండెకి స్కాను తీస్తారు. మూసుకోకపోతే విశాఖపట్నం, ఆపరేషను. నాకు భయంగా ఉంది బావా.

వేణి

*

ప్రియమైన వేణికి,

నువ్వు చెప్పమన్నది చెప్పాను. "జొరం బిళ్లకి గుండె మూసుకుంటాదా? ఏటి సదువులో" అంది. క్యారేజీలో తాళంచెవి లేదని గిన్నెలన్నీ రెండుసార్లు తిరగేసింది. "కోడలు మరిసిపోనాదా, కావాలనే పంపనేదా సూడు" అంటోంది. పెట్టె మూత మీద సన్నికల్లు పెట్టింది. అయినా ఒక పక్క లేచే ఉంది. దాని పక్కనే చాప వేసుకుని కూర్చుంది. వేణీ, ఆ తాళంచెవి ఒక్కటీ పంపించెయ్యి.

గిరి

*

ప్రియమైన బావకి,

మూసుకుంది.

పొద్దున స్కాను తీశారు. ఇన్నాళ్లూ డాక్టరమ్మకి దాని గుండెలో వినిపించిన వింత చప్పుడు కూడా ఇప్పుడు లేదట. ఆయాసం తగ్గింది. పాలు కొంచెం పెంచారు, అరిగాయి. మధ్యాహ్నం బుజ్జిది బట్టంతా తడిపేసింది. మూత్రపిండాలకి రక్తం అందుతోందనడానికి అదే గుర్తట. సిస్టర్ శైలజ ఆ తడిబట్ట పైకెత్తి వార్డంతా చూపించింది. మా సంబరం నువ్వు చూడాలి. ఇంటికి రావడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది, బరువు పెరగాలి.

అత్త అనుమానం నిజమే. తాళంచెవి కావాలనే పంపలేదు. పంపితే అత్త పెట్టె మూసేది, ఇక్కడ బుజ్జిది బాగయ్యేది. ఇక బతికినంత కాలం అత్త, తెరిచి పెట్టి మనవరాలి ప్రాణం మీదికి తెచ్చింది తానేనని అనుకునేది. అది నాకు ఇష్టం లేదు. అయినా స్కాను ముందు నా చెయ్యి సంచిలోకి ఎన్నిసార్లు వెళ్లిందో నాకే తెలుసు. ఒకవేళ మూసుకోకపోయి ఉంటే నేనేమైపోయేదాన్నో.

ఇప్పుడు ఆ పెట్టె ఎలా ఉందో అత్తనే చూడమను. తెరిచే ఉంది కదా. అయినా మనవరాలి గుండెలో దారి మూసుకుంది. ఇక అన్నం తినమను. కోళ్లని వదలమను, నీ గుండీ తియ్యమను.

రేపు క్యారేజీతో పాటు అత్తనీ ఆటో ఎక్కించు. బుజ్జిదాన్ని వార్డు అద్దంలోంచి చూపిస్తామన్నారు. తాళంచెవి ఆమె చేతికే ఇస్తాను. పెట్టె మూసుకుంటుందో తెరిచి ఉంచుకుంటుందో అత్త ఇష్టం.

మీ వేణి, బుజ్జిది