రెండు తీగలూ మెలిపడాలి

బుధవారం, రాత్రి

పొద్దున్నే నాగాయలంక ఏసుబాబు మా గేలాల షాపుకొచ్చి, పోయిన వారం నేను గేలానికి చుట్టిచ్చిన స్టీలు వైరు కౌంటర్ మీద పెట్టాడు. దాని చివర గేలం లేదు. చుట్టు జారిపోయి, వంజరం చేప గేలంతో సహా సముద్రంలోకి పోయిందట.

"అన్నయ్య చుట్టింది ఒక్కటీ జారలా వదినగారూ. మీకు రాకపోతే చెప్పండి, బందర్లో కొనుక్కుంటా."

మా ఆయన పోయాక మిగిలిన పాత గిరాకీ ఇతనొక్కడే. ఆయన చుట్టిన పాత వైరు పక్కన పెట్టి చూస్తే తప్పు తెలిసింది. వైరును గేలం కన్నంలోంచి వెనక్కి మడిచాక, నేను ఒక తీగను నిటారుగా ఉంచి, రెండోదాన్ని దాని చుట్టూ చుట్టేశాను. ముందు రెండూ ఒకదానితో ఒకటి మెలిపడాలి. ఇరవై ఏళ్ళు పక్కన కూర్చుని గేలం పట్టుకున్నాను, కబుర్లు చెప్పానే గానీ ఆయన వేళ్ళ వంక చూడలేదు.

"ఈ గేలం పట్టుకో బాబూ, మళ్ళీ చుడతాను" అన్నాను. చుట్టాక కొస కత్తిరించబోతే అరిచాడు.

"కత్తిరించకండి, ఆ మొన చెయ్యి కోసేసిద్ది! అన్నయ్య అటూ ఇటూ వంచి విరిచేవాడు."

విరిచాను. బలంగా లాగి చూశాడు, ఆగింది. "ఆరు చుట్టి ఉంచండి, శుక్రవారం వస్తా" అని వెళ్ళాడు.

సాయంత్రం షట్టరు గొళ్ళేనికి గేలం తగిలించి, ఒక్కదాన్నే ఆరూ చుట్టాను. లాగితే ఒక్కటీ జారలేదు. "ఏవండీ, చూశారా!" అని పైకే అనేశాను.

"నన్నేనా అమ్మా?" అన్నాడు పక్క టీకొట్టు ఆయన.

"మిమ్మల్నేనండీ, ఒక టీ పంపండి" అన్నాను.