బతికే ఉన్నామన్న సాక్ష్యం

నవంబరు, మంగళవారం

ఈ రోజు కమ్యూనిటీ హాలు అరుగు మీద నా కుర్చీ దగ్గరికి ఒక్కరూ రాలేదు. గనిలో తట్టా, చెమ్మస్ పార‌తో బొగ్గెత్తి వేళ్లరిగిపోయిన మా రిటైరు కార్మికుల వేలిముద్రలను బ్యాంకు మిషన్ ఏనాడూ పట్టలేదు. పింఛను ఆగకుండా, వాళ్లు బతికే ఉన్నారని ఏటా ఫారం రాసి, బ్యాంకుకు తోడెళ్లి సాక్ష్యం చెప్పేది నేనే. పదకొండేళ్లుగా, ఉచితంగా.

ఇప్పుడు మా గల్లీ కోడలు రజిత ఫోను పట్టుకుని కూర్చుంది. ముఖం చూపిస్తే చాలట. ఆమెదీ ఉచితమే, అదే నా కడుపుమంట. డబ్బులు తీసుకుంటే నాలుగు మాటలైనా అనేవాణ్ణి.

రజిత దగ్గర్నుంచి వస్తూ మల్లయ్య నన్ను చూసి నవ్వాడు. "సారూ, గిట్ల కూసున్న, గట్ల అయిపోయింది. బ్యాంకు దాంక పోవుడే లేదు."

ఆ బ్యాంకు దారిలోనే కదా, ఏటా నాకు చాయ్ తాగించేవాడు!

చివరికి నా పింఛను కోసం నేనూ రజిత ముందు కూర్చోక తప్పలేదు. ఆ ఫోను నన్ను పట్టకూడదని లోపల ఎంత కోరుకున్నానో.

"మామా, కండ్లు ఒక్కసారి మూసి తెరువుండ్రి," అంది.

మూసుకున్నాను. కావాలనే తెరవలేదు.

"జల్దేం లేదు మామా, మెల్లగనే తెరువుండ్రి."

ఓపిక కూడా నాకంటే ఎక్కువే. తెరిచాను. అయిపోయింది.

నేను బతికే ఉన్నానని రుజువైంది. రేపు పొద్దున తయారై ఎక్కడికి వెళ్లాలో మాత్రం...