ఏడో వరస దాకా

ఫిబ్రవరి 3, మంగళవారం

ఇరవై రెండేళ్ళుగా ఈ కెథడ్రల్లో గైడుని. ఇవాళ మొదటిసారి తెలీదని చెప్పాల్సొచ్చింది.

రిటైరైన ఇంజనీర్ల బృందం వచ్చింది. మామూలుగానే మొదలుపెట్టాను. విగ్రహాలు లేవు, రంగుటద్దాలు లేవు, ప్రొటెస్టెంట్లు దీన్ని చూడ్డానికి కాదు, వినడానికి కట్టుకున్నారు. స్తంభాలు అంత సన్నగా ఉన్నది అందుకే. ప్రసంగం చెప్పే పుల్పిట్ మీద చెక్క గొడుగు పెట్టింది అందుకే. ఆఖరి బల్ల మీద కూర్చున్న చెవిటి ముసలమ్మకి కూడా వాక్యం చేరాలి.

తర్వాత నా ఫేవరెట్ ఐటెం. అందర్నీ నడవ మధ్యలో నిలబెట్టి ఆల్టర్, అదే బలిపీఠం, వైపు చూడమంటాను. హాలంతా తిన్నగా వెళ్ళి, ఆల్టర్ గది దగ్గరికొచ్చేసరికి కుడివైపుకి వంగుతుంది. సిలువ మీద ప్రభువు తల వాల్చాడు కదా, దానికి గుర్తుగా అలా వంచి కట్టారు అని చెప్తాను. గొంతు కాస్త తగ్గించి మరీ చెప్తాను. ఎవరో ఒకరు కళ్ళు తుడుచుకుంటారు.

ఇవాళ ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకోలేదు. గోడకి చెంప ఆనించి ఒంటికన్నుతో చూశాడు. హాలు చివరి మూలలో రాళ్ళకి పళ్ళు వదిలారమ్మా అన్నాడు. గోడ తిన్నగా ముందుకెళ్ళాలనుకున్నప్పుడే అలా వదులుతారట, తర్వాతి రాళ్ళు వాటిలో ఇరుక్కోవడానికి. అంటే ముందు తిన్నగా కడదామనుకుని, మధ్యలో ఎవరో మనసు మార్చుకున్నారు, ఎవరు, ఎందుకు అని అడిగాడు.

తెలీదన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పళ్ళ పక్కనుంచే రోజుకి నాలుగుసార్లు నడుస్తాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

కెథడ్రల్‌కి నూట యాభై ఏళ్ళు నిండుతున్నాయి. ఆ సందర్భంగా ఆల్టర్ గది ఎడమ పక్క ఖాళీ జాగాలో కాఫీ షాపు కడతారట. చర్చి కమిటీ సెక్రటరీ గారి ఐడియా. మార్చి 2న తవ్వే మెషిను వస్తుంది. ఈలోగా వెస్ట్రీలో, అంటే పాస్టర్లు గౌన్లు వేసుకునే గదిలో, అల్మరాలు ఖాళీ చేసిపెట్టమని నాకు పురమాయించాడు. పనికొచ్చేవేమీ ఉండవు, చూడకుండా పారేసినా ఫర్లేదు మేడమ్ అన్నాడు.

చూడకుండా పారేసే రకాన్నా నేను.

ఫిబ్రవరి 7, శనివారం, సాయంత్రం 5

దొరికింది.

చర్చి కట్టేటప్పుడు గుమాస్తా రాసుకున్న రోజువారీ పుస్తకం. అట్ట ఊడిపోయింది. చేతిరాత మాత్రం ముత్యాలే. ఏ రోజు ఎన్ని రాళ్ళు వచ్చాయి, ఎవరు తాగి వచ్చారు, వాన ఎన్ని గంటలకి మొదలైంది, అన్నీ రాశాడు. మూడో ఏడాది, వానల తర్వాత, క్వారీలో చరియ విరిగిపడింది. పదకొండు మంది రాతిపనివాళ్ళు పోయారు. తూర్పు వైపు ఖాళీ స్థలంలో వరసగా పూడ్చారు. మర్నాడు పని యథావిధిగా జరిగింది. ఒక్క పేరు కూడా రాయలేదు. తాగొచ్చిన వాళ్ళ పేర్లు రాశాడు, చచ్చిపోయిన వాళ్ళవి రాయలేదు.

పద్నాలుగు నెలల తర్వాత ఆల్టర్ గదికి పునాది గీత గీశారు. అది సరిగ్గా వాళ్ళ మీదుగా వెళ్ళింది. పనివాళ్ళు ఉలి, సుత్తి కింద పెట్టేశారు. తవ్వం అన్నారు. తొమ్మిది రోజులు ఎవరెంత బతిమాలినా, బెదిరించినా కదల్లేదు. పదో రోజు ఆర్కిటెక్టు గీత చెరిపి, అవతలి కొసని పది అడుగులు దక్షిణానికి జరిపాడు. కింద గుమాస్తా ఒక ముక్క రాశాడు. ఎవరైనా అడిగితే ప్రభువు తల వాల్చినట్టు అని చెప్పుకోవచ్చని బిషప్ గారి సలహా.

ఇరవై రెండేళ్ళుగా నేను చెప్తున్నది ఆ సలహానే. గొంతు తగ్గించి మరీ.

ఫిబ్రవరి 8, ఆదివారం

వాళ్ళు ఎక్కడున్నారో ఇంటికొచ్చాక తట్టింది. గది కుడివైపుకి జరిగిందంటే వాళ్ళు ఎడమ పక్కన ఉన్నట్టు. కాఫీ షాపు కింద.

అక్కకి చెప్పాను. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే చర్చికి వెళ్తాం, ఒక్క విషయంలోనూ ఏకీభవించం. అక్క ముప్ఫై ఏళ్ళుగా చర్చి క్వయర్లో ఆల్టో, కింది స్వరం పాడుతుంది. ఇన్నేళ్ళలో ప్రాక్టీసుకి ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్ళింది లేదు. అంతా విని, నీకెందుకే ఈ తలనొప్పి అంది. చెప్పాల్సింది కెథడ్రల్ పెద్ద డీన్ గారికి చెప్పి ఊరుకోమంది. ఊరుకోవడం నా వల్ల కాదని పుట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉంది కదా.

ఫిబ్రవరి 10, మంగళవారం

కమిటీ ముందు పుస్తకం పెట్టాను. సెక్రటరీ గారు నవ్వి, మన గైడుబుక్కులోని ప్లాను తెరిచాడు. చూడండి మేడమ్, మీరు చెప్పే చోట పునాదే ఉంది, నూట యాభై ఏళ్ళ కిందటే తవ్వేసిన నేల అది, అక్కడ ఎముకలేమైనా ఉన్నా అప్పుడే తవ్వి తీసేసుంటారు అన్నాడు. అందరూ తలలూపారు. కొత్త షాపు ప్లాను కూడా దాన్ని బట్టే గీయించారట.

ప్లాను వంక చూశాను. గీతలు తిన్నగా ఉన్నాయి. వంపే లేదు.

ఫిబ్రవరి 11, బుధవారం, ఉదయం 7

టేపు, పురికొస, నాలుగు మేకులు. గోడ చుట్టూ మోకాళ్ళ మీద దేకుతూ కొలిచాను. చీర పాడైంది. పంతం మాత్రం నెగ్గింది.

గైడుబుక్కులో ఉన్నది కట్టిన చర్చి కాదు, కట్టాలనుకున్న చర్చి. మొదటి డ్రాయింగు. నూట యాభై ఏళ్ళుగా అదే బొమ్మ అచ్చేస్తున్నాం, రోజూ అదే వంపులో నడుస్తున్నాం, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన మొనగాడు లేడు. నాతో సహా. ఆ జాగాలో పునాది ఎన్నడూ పడలేదు. వాళ్ళని పూడ్చాక ఎవరూ తాకని నేల అది.

ఫిబ్రవరి 12, గురువారం

కొలతలు చూసి సెక్రటరీ గారు నవ్వడం మానేశాడు. కానీ పట్టు వదల్లేదు. పునాది లేకపోతే లేదు, మనుషులున్నారని ఏంటి రుజువు అన్నాడు. ఒక గుమాస్తా ఒక అంకె రాశాడు, ఊరూ పేరూ లేని పదకొండు అనే అంకె కోసం వార్షికోత్సవం ఆపమంటారా అన్నాడు.

అంకె అట.

ఫిబ్రవరి 14, శనివారం

నిచ్చెన తెచ్చుకున్నాను. ఆ కాలపు రాతిపనివాళ్ళకి చదువు రాదు. ఎవరు చెక్కిన రాయి ఏదో మేస్త్రికి తెలియాలని, ఒక్కొక్కరు ఒక్కో గుర్తు గీసేవాళ్ళు. బొటనవేలంత ఉంటుంది. స్తంభాల మీద బోలెడున్నాయి. విజిటర్లకి రెండు మూడు చూపించి ముందుకెళ్ళిపోతాను. ఇప్పుడు అన్నీ చూస్తాను. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే గుర్తు దిగుతుంది.

ఫిబ్రవరి 17, మంగళవారం

మోకాళ్ళు నావి కావు. పది స్తంభాలు అయ్యాయి, ఇంకా పద్నాలుగు. నిచ్చెన మీద నన్ను చూసి, ఈ వయసులో కోతి చేష్టలేంటే, పడితే ఎవరు చేస్తారు అంది అక్క. వెళ్ళిపోలేదు మాత్రం. ప్రాక్టీసు టైమయ్యేదాకా నిచ్చెన పట్టుకుని నిలబడింది, తిడుతూనే.

ఫిబ్రవరి 21, శనివారం, మధ్యాహ్నం 3

అయింది. వంటింటి నేల మీద కాగితాలన్నీ పరిచాను.

కింద నుంచి ఏడో రాతి వరస దాకా ముప్ఫై నాలుగు రకాల గుర్తులు. ఏడో వరస పైన ఇరవై మూడే. ఇరవై నాలుగు స్తంభాల్లో ఎక్కడ చూసినా అంతే. ఏడో వరస దాకా చెక్కినవాళ్ళలో పదకొండు మంది ఎనిమిదో వరసలో లేరు. కమానుల్లో లేరు. కప్పు దగ్గర లేరు. ఎక్కడా లేరు. గుమాస్తా పుస్తకం ప్రకారం ఏడో వరస పూర్తయిన వారమే చరియ పడింది.

పొయ్యి మీద అన్నం మాడిపోయింది. అక్క పొయ్యి కట్టేసొచ్చింది. నేల మీద కూర్చుని, ఆ పదకొండు కాగితాలూ ఏరి ఒక పక్కన పెట్టింది.

ఫిబ్రవరి 24, మంగళవారం

డీన్ గారి దగ్గరికి వెళ్ళాను. మంచివాడు. భయస్థుడు. ప్రతి కాగితమూ చేతిలోకి తీసుకుని చూశాడు. చేపముల్లు గుర్తు దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, ఉత్సవానికి బిషప్ గారు వస్తున్నారమ్మా అన్నాడు. ఇది సమయం కాదేమో, వార్షికోత్సవం అయ్యాక ఒక ఫలకం లాంటిది ఆలోచిద్దాం అన్నాడు. తవ్వేశాక ఫలకం ఎవరికి సార్ అని అడిగాను. ఆయన కాగితాలన్నీ సర్ది నా చేతికి తిరిగిచ్చాడు.

బయటికొస్తుంటే సెక్రటరీ గారు ఎదురై, మీరు అలిసిపోయారు మేడమ్, కొన్నాళ్ళు రెస్ట్ తీసుకోండి అన్నాడు. గైడు బ్యాడ్జి ఇచ్చి వెళ్ళమన్నాడు.

ఫిబ్రవరి 25, బుధవారం

బ్యాడ్జి ఇవ్వలేదు. ఇవ్వను.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఆదివారం ప్రకటనలేమైనా ఉంటే శుక్రవారం అయిదింటిలోగా రాసివ్వాలని రూలు. ఆ పదకొండు మంది గురించి నాలుగున్నరకి రాసిచ్చాను. నాలుగూ నలభైకి తిరిగొచ్చింది. ప్రకటనలంటే క్వయర్ ప్రాక్టీసు, మర్చిపోయిన గొడుగులు, ఇలాంటివి కాదట.

మెషిను సోమవారం ఎనిమిదింటికి.

ఇరవై రెండేళ్ళలో ఒక్క రూలూ తప్పలేదు నేను. దాని వల్ల ఒరిగిందేంటో ఇప్పుడు తెలుస్తోంది.

మార్చి 1, ఆదివారం, మధ్యాహ్నం 2

ఇంకా చీర కూడా మార్చుకోలేదు. రాసేస్తాను.

ప్రకటనలు చదవడం అయ్యాక డీన్ గారు ప్రతి వారం ఒక మాట అంటారు, ఇంకేమైనా ఉన్నాయా అని. అది అడగడం కాదు, అలవాటు. ఎవరూ ఎప్పుడూ జవాబు చెప్పరు. ఆయన అనడమూ, ఆర్గనిస్టు పాట అందుకోవడమూ ఒకేసారి జరుగుతాయి. ఇవాళ నేను లేచి, ఉన్నాయి సార్ అన్నాను.

ఐదొందల తలలు వెనక్కి తిరిగాయి. రేపు పొద్దున ఈ గోడ పక్కన తవ్వబోయే చోట ఈ చర్చి కట్టిన పదకొండు మంది ఉన్నారు అని మొదలుపెట్టాను. సెక్రటరీ గారు సగం లేచి, కూర్చోండి అని చేత్తో సైగ చేశాడు. నేను ఆపలేదు. ఆయన ఆర్గనిస్టు వైపు తిరిగి తలూపాడు. ఆర్గన్ మొదలైంది. మామూలుగా కాదు, అన్ని స్టాపులూ లాగి, పూర్తి జోరుతో. నా మాట నాకే వినపడలేదు. గొంతు చించుకున్నాను. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, కూర్చోవడం మాత్రం రాలేదు.

అప్పుడు క్వయర్లోంచి అక్క లేచింది. గౌను సర్దుకుని, తొందరేమీ లేకుండా నడిచి, ఆర్గన్ వెనక గాలి కొట్టే మోటారు స్విచ్చు ఆపేసింది. గాలి పోయి ఆర్గన్ మూలిగి మూలిగి ఊరుకుంది. అక్క తన చోటికెళ్ళి కూర్చుంది. మా అక్క.

వినడానికి కట్టిన ఇల్లు కదా. గట్టిగా మాట్లాడాల్సిన పని కూడా లేకపోయింది. వాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు కాబట్టి వాళ్ళు రాసుకున్నవే చదువుతాను అన్నాను. కాగితాలు ఒక్కొక్కటే ఎత్తి చదివాను. చేపముల్లు. నిచ్చెన. జంట కొండలు. విరిగిన బాణం. కుండ. కొడవలి. మూడు చుక్కలు. పక్షి కాలు. గొళ్ళెం. తలకిందులుగా చెంచా. ఒట్టి అడ్డగీత.

ఒక్కొక్క దానికీ మధ్య ఆగాను. మొదటి వరసలో ఒకాయన తన పక్కనున్న స్తంభం మీద చెయ్యి పెట్టి వెతుక్కోవడం చూశాను. ఆయన్ని చూసి ఇంకొకరు. కాసేపటికి స్తంభాల దగ్గర కూర్చున్నవాళ్ళంతా వేళ్ళతో రాళ్ళు తడుముతున్నారు. కొడవలి ఇక్కడుంది అని ఎవరో మెల్లగా అన్నారు.

డీన్ గారు పుల్పిట్ అంచు పట్టుకుని నిలబడిపోయారు. తర్వాత, ఆ మెషిను రాదు అన్నారు. మైకు లేకుండానే అన్నారు. ఆఖరి బల్ల దాకా వినపడింది.

మార్చి 2, సోమవారం

మెషిను వచ్చింది. సెక్రటరీ గారు వద్దని చెప్పలేదట, మర్చిపోయాడో, చెప్పడం ఇష్టం లేదో. డీన్ గారు గౌనుతో గేటుకి అడ్డంగా నిలబడి ఉన్నారు. మెషిను దగ్గరికొచ్చినా కదల్లేదు. ఆయన పక్కన అక్క ఉంది, నేనున్నాను. డ్రైవరు మా ముగ్గుర్నీ చూసి, నాకు ముసలోళ్ళతో పోట్లాడే ఓపిక లేదని బండి తిప్పుకున్నాడు.

ముసలోళ్ళన్నందుకు అక్క సాయంత్రం దాకా గొణుగుతూనే ఉంది.

మార్చి 19, గురువారం

డీన్ గారు పిలిపించిన మ్యూజియం వాళ్ళు పది రోజులుగా చేత్తో, బ్రష్షుతో మట్టి తీశారు. ఇవాళ నన్ను పిలిచారు. వరసగా ఉన్నారు.

పదకొండు కాదు. పన్నెండు.

పన్నెండో మనిషి చివర, ఇరుకులో ఉంది. ముంజేతి దగ్గర రెండు గాజులు. రాళ్ళు చెక్కిన మనిషి కాదు, మోసిన మనిషి. ఏ స్తంభం మీదా గుర్తుండదు. గుమాస్తా లెక్కపెట్టలేదు. నేనూ లెక్కపెట్టలేదు.

ఆదివారం మళ్ళీ లేస్తాను.