స్టేజీ ఎక్కే దారి

బుజ్జీ,

నాన్న దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ కులాసా, తమ్ముడు కులాసా. నేను మాత్రం మండిపోతున్నాను. అది నాకు మామూలే కాబట్టి దాన్నీ కులాసా కిందే జమకట్టుకో.

బాగుచేసిన నాటకశాల ఎలా ఉందని అడిగావు. అద్దంలా ఉంది. ఏసీ పెట్టారు, మెత్తటి కుర్చీలు వేశారు, ముందు వరసలో పెద్దమనుషులకు సోఫాలు. చక్రాల కుర్చీలో వచ్చే ప్రేక్షకుల కోసం గుమ్మం దగ్గర ర్యాంపు కూడా కట్టారు. పోనీ మెచ్చుకుందామని నోరు తెరిచి, అప్పుడు స్టేజీ వైపు చూశాను. పక్క నుంచీ మెట్లే, వెనక నుంచీ మెట్లే. నడవలేని మనిషి నాటకం చూడవచ్చునట గానీ ఆడకూడదట! ఇంత డబ్బు పోసి కట్టినవాళ్ళలో ఒక్కడి బుర్రకైనా తట్టలేదు చూడు. అలాంటి మనిషికి కూడా ఒక పని, ఒక వేషం ఉంటాయని వీళ్ళ ఊహకే అందదు.

అమ్మ కాలి సంగతి కూడా అడిగావు. కట్టు విప్పారు గానీ, ఇక నిలబడడం కష్టమేనని డాక్టరు తేల్చేశాడు. చక్రాల కుర్చీ అలవాటైంది. వచ్చే నెల ఆ హాల్లోనే ఆడే మన నాటకంలో జడ్జి వేషం తనదే. "జడ్జి ఎలాగూ కూర్చునే ఉంటుంది, నాకోసమే రాశారు," అని నవ్వుతుంది. పడ్డాక వేస్తున్న మొదటి వేషం. వంటింట్లో కూడా తీర్పులు చదువుతోంది.

మరి అమ్మ స్టేజీ ఎలా ఎక్కాలని అడగడానికి హాలు మేనేజరు దగ్గరికి వెళ్ళాను.

"దానిదేముంది సార్, తెర వేసి ఉన్నప్పుడు నలుగురు కలిసి ఎత్తి పెట్టేయండి. ఎవరికీ కనబడదు," అన్నాడు.

"ఆవిడేమన్నా బీరువానా?"

"కోప్పడితే ఎలా సార్? మీ మంచికే కదా చెబుతున్నా."

ఇక్కడిదాకా రాసి, టీ తాగి వచ్చాను. మిగతాది చెప్పడానికి ధైర్యం కావాలి. ఆ కోపంలో నాటక సమాజాల మీటింగుకు వెళ్ళి, ర్యాంపు కట్టేదాకా మా బృందం ఆ హాల్లో అడుగుపెట్టదని మైకులో ప్రకటించేశాను. చప్పట్లు బాగానే పడ్డాయి. మీ అమ్మ హక్కుల గురించి అంతసేపు మాట్లాడినవాణ్ణి, మీ అమ్మను ఒక్క మాట అడగలేదమ్మా.

నేను ఇల్లు చేరేసరికే కబురు చేరింది.

"వాళ్ళు మెట్లు పెట్టి ఆపారు, నువ్వు మైకు పెట్టి ఆపావు. తేడా ఏంటి?" అంది.



మర్నాడే వెళ్ళి ప్రకటన వెనక్కి తీసుకున్నాను. మేనేజరు నవ్విన నవ్వు నీకు వర్ణించను. ఇక అమ్మ పెట్టిన షరతు ఒకటే. "తెర వెనక ఎత్తొద్దు. హాలు నిండాక, లైట్లన్నీ వేసి, ఆ సోఫాల ముందు నుంచి ఎక్కించండి. ఎంత కష్టమో కూర్చుని చూడనీ. నాటకం అక్కణ్ణుంచే మొదలు."

ఇన్నేళ్ళూ నేను పంచిన కరపత్రాలన్నీ కలిపినా ఇంత పదును లేదు. ఒప్పుకోవాలంటే ఒళ్ళు మండుతోంది.

నిన్న రిహార్సలు. నలుగురం కలిసి కుర్చీ ఎత్తాం, ముందువైపు కుడి చక్రం నా వంతు. మెట్లు సగం ఎక్కామో లేదో, ప్రజల డబ్బు ఎలా తగలేస్తున్నారో ఉపన్యాసం అందుకున్నాను. కుర్చీ ఒరిగింది.

"నోరు మూసుకుని మెట్టు చూడు," అంది మీ అమ్మ పైనుంచి.

చూశాను. ఎక్కాం.

ఇట్లు,
నడుం పట్టేసిన మీ నాన్న