మూగబోయిన ఉపగ్రహం, ఆచారి గారి మిషన్లు

నంద్యాల, సోమవారం.

ఆళ్లగడ్డ శిల్పి వీరభద్రాచారి గారికి, కాలేజీ ఉపగ్రహం సాఫ్ట్‌వేర్ చూసే వినీత నమస్కారాలు.

మీరు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం బస్సు కండక్టర్ చేతికి ఇస్తున్నాను. మూడేళ్లు కష్టపడి పైకి పంపిన మా చిన్న ఉపగ్రహం ఒకసారి ఆగిపోయి, మళ్లీ లేచి, అప్పటినుంచి పలకడం లేదు. శనివారంలోగా సూర్యుడి వైపు తిరగకపోతే దాని బ్యాటరీ చచ్చిపోతుంది. రోజూ ఉదయం తొమ్మిది నలభైకి అది మన మీదుగా పోతుంది. మీ మిద్దె మీద పెట్టిన మా డిష్‌కు, రాయి కోసే మీ మిషన్ల మోటార్ల నుంచి వచ్చే విద్యుత్ రొద అడ్డం. ఆ పది నిమిషాలు ఆపండి.

ఇట్లు,
వినీత

ఆళ్లగడ్డ, మంగళవారం.

అమ్మా వినీతా, ఆశీర్వాదం.

ఫోన్‌లో మాట గాలికి పోతుంది, కాగితం మీదిది నిలుస్తుంది. అందుకే ఎత్తను. మిద్దె మీద చోటిచ్చినందుకు నాకు దక్కిన మర్యాద ఇదా? చాగలమర్రి ఆంజనేయుడు ఆదివారానికి సిద్ధం కావాలి. ఆ ఊరివాళ్లు రోజూ వచ్చి, "ఏందప్పా, ఇంకా తోకే చెక్కుతాండావా?" అని గుచ్చుతున్నారు. మీదానికి నోరు లేకపోతే నా మిషన్ ఎందుకు నోరు మూసుకోవాలి? ఒక్క క్షణం ఆపను.

ఇట్లు,
మండిపడుతూ, వీరభద్రాచారి

తా.క. మా ఇంటావిడ సరస్వతి మీ డిష్‌లో వడియాలు పెట్టింది. సరిగ్గా తొమ్మిది నలభైకి అది మెడ తిప్పి అన్నీ కాలవలో పోసింది. దీనికి ఏమంటావు?

నంద్యాల, బుధవారం.

ఆచారి గారికి,

వడియాలా! అయ్యా, అది చాట కాదు.

మా సాఫ్ట్‌వేర్‌ను నాలుగు వందల సార్లు పరీక్షించాం. ప్రతి ఆజ్ఞ మీదా, అది ఏ క్షణాన అమలు కావాలో సెకండ్‌తో సహా రాసి పంపుతున్నాం. మా గడియారంలో పిసరంత తేడా లేదు. తప్పు నూటికి నూరుపాళ్లు మీ మిషన్లదే. అది చచ్చిపోతే అందరికీ మీ పేరే చెప్తాను.

ఇట్లు,
నిద్రలేని వినీత

తా.క. నిన్న మా ప్రొఫెసర్ కంప్యూటర్‌కు నిమ్మకాయ కట్టారు. అదీ మీ పుణ్యమే.

ఆళ్లగడ్డ, గురువారం.

అమ్మా వినీతా,

నా పేరు చెప్తావా? చెప్పు తల్లీ, ముందు ఇది విను. గడియారం గడియారం అన్నావు, ఎవరిది? నీదా, దానిదా? మేం విగ్రహాన్ని మా వేలితో కొలవం. దాని ఎత్తును నూట ఎనిమిది భాగాలు చేసి, అందులో ఒక భాగంతోనే దాన్ని కొలుస్తాం. ఏ విగ్రహం కొలత దానిదే. పడి లేచిన దాన్ని, నీకు టైమెంతైందని అడిగావా? అడక్కుండా పక్కింటివాడి మిషన్ మీద పడతావా?

ఇట్లు,
వీరభద్రాచారి

తా.క. నిమ్మకాయతో పాటు ఏడు పచ్చిమిరపకాయలు కూడా కట్టాలని మీ ప్రొఫెసర్‌కు చెప్పు. సగం పని చేయడం మీ కాలేజీకి అలవాటులా ఉంది.

నంద్యాల, శనివారం.

పెద్దాయనా, పాదాలకు నమస్కారం.

మీ ఉత్తరం చదివి సాఫ్ట్‌వేర్ మొత్తం తిరగేశాం. ఆగి లేచినప్పుడు దాని గడియారం, కంప్యూటర్లు కాలం లెక్క మొదలుపెట్టే 1970 జనవరి ఒకటికి వెళ్లిపోయింది. మేం పంపిన ఆజ్ఞలన్నీ బుద్ధిగా అందుకుని, ఇంకా యాభై ఏళ్లకు పైగా టైముందని కూర్చుంది! ఈ ఉదయం టైము రాయకుండా "ఇప్పుడే తిరుగు" అని పంపాం. తిరిగింది. పలికింది. నేను ఏడ్చేశాను.

ఇంకొక మాట. రొద ఎంతుందో మా డిష్ రోజూ నమోదు చేస్తుంది. మిమ్మల్ని నిందించే ముందు దాన్ని చూసిన పాపాన పోలేదు. మంగళవారం నుంచీ ఆ పది నిమిషాలు మీ మిషన్ ఒక్కటీ తిరగలేదు. ఆపనని రాసిన రోజు కూడా!

ఇట్లు,
సిగ్గుపడుతూ, వినీత

ఆళ్లగడ్డ, ఆదివారం.

అమ్మా వినీతా,

మీకోసం ఆపామని ఎవరన్నారు? మావాళ్లు ఆ పది నిమిషాలు టీ తాగుతారు, అంతే. ఆంజనేయుడి తోక ఇంకా కాలేదు, చాగలమర్రివాళ్లు గుమ్మంలో కూర్చున్నారు. ఇక రాయడానికి తీరిక లేదు.

ఇట్లు,
వీరభద్రాచారి

తా.క. అయిదు రోజులు పన్నెండు మందిమి టీ గ్లాసులతో మిద్దెక్కి, మెడలు పట్టేసేలా ఆకాశం వైపు చూశాం. పట్టపగలు అది కనపడదని ఒక్క ముక్క ముందే రాయొచ్చు కదా!