ఆగిపోయిన ఆటకు ముగింపు విజిల్ కోరుతూ

గౌరవనీయులైన మైదానాల అధికారి గారి సముఖమునకు, వృత్తిరీత్యా బస్సు కండక్టరును, పుట్టుకతో డిపో క్లబ్ ఫుట్‌బాల్ అభిమానిని అయిన నేను సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: డిపో క్లబ్, మిల్లు క్లబ్‌ల నడుమ రాజీ కుదుర్చుట, అది కుదరనిచో తమ బీరువాలో ఉన్న విజిల్‌ను ఒక్కసారి ఊదుట – గురించి.

1. మా డిపో వాళ్ల రంగు ఎరుపు, మిల్లు వాళ్లది నీలం. మైదానం మాత్రం ఇద్దరికీ ఒక్కటే. మొన్న వేసవిలో గోల్ స్తంభాలు తుప్పు పట్టినవని, పెద్ద ఆటకు ముందే రంగు వేయించవలెనని తమ కార్యాలయం ఉత్తర్వు ఇచ్చియున్నది. ఆ ప్రకారం ఒక గోల్‌కు మేము ఎరుపు, రెండోదానికి వాళ్లు నీలం వేయడమైనది. పోటీ పడి రెండేసి పూతలు పూశాము. సగం ఆట కాగానే జట్లు వైపులు మారాలన్న సంగతి ఇటు మాలో గానీ, అటు వాళ్లలో గానీ ఒక్కరి బుర్రకూ తట్టలేదని మనవి.

2. విరామం కాగానే మా గోలీ నీలం స్తంభాల మధ్య చచ్చినా నిలబడనన్నాడు. ఎరుపు కింద నిలబడితే ఇంట్లో అడుగు పెట్టనివ్వరని వాళ్ల గోలీ మొండికేశాడు. మాటా మాటా పెరిగి కార్నర్ జెండాలు పీక్కునే దాకా వచ్చింది. రిఫరీగా ఉన్న మందుల షాపాయన మా అందరికీ ఒక దండం పెట్టి, మెడలో విజిల్ తీసి గడ్డిలో పెట్టి, షాపు తెరుచుకోవడానికి వెళ్లిపోయారు. తమరు విచ్చేసి, బంతిని, విజిల్‌ను స్వాధీనపరచుకొని, రాజీ పడేదాకా మైదానానికి తాళం వేయించితిరి. అప్పటికి స్కోరు ఒకటి-ఒకటి. అనగా, నిబంధనల ప్రకారం ఆ ఆట ఇంకా నడుస్తూనే ఉన్నది.

3. అసలు చిక్కు ఇక్కడున్నది. మా అక్క భర్త, అనగా మా బావ, మిల్లులో ఫిట్టరు; ఒళ్లంతా నీలమే. అక్క పెళ్లయిన ఏడాది నుంచీ మా ఇద్దరికీ ఒక కట్టుబాటు. మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా ఒకరితో ఒకరం మాట్లాడకూడదు. చివరి విజిల్ పడగానే కంచె దగ్గర కలుసుకొని, ఎదుటి జట్టు గురించి ఒక్క మంచి ముక్కైనా నోటితో ఒప్పుకోవాలి. ఆ తర్వాతే టీ. ఇంతవరకూ ఇద్దరిలో ఎవరమూ తప్పలేదు. ఈసారి చివరి విజిల్ పడలేదు కనుక మాటలూ లేవు. ఒకే గదిలో కూర్చొని ఫ్యాను వేయమని కూడా అక్క ద్వారానే చెప్పుకుంటున్నాము. మీరిద్దరూ చెరో చెవీ తినేశారు, ఇక నాకు వినబడదు పొమ్మని ఆవిడ అంటున్నది.

4. వచ్చే సోమవారం బావకు గుండె ఆపరేషన్. ఆసుపత్రికి వెళ్లాను. ఆయన మంచం మీద, నేను స్టూలు మీద, ఇద్దరమూ కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాము. నీళ్ల గ్లాసు అందిస్తే తీసుకున్నాడు గానీ పెదవి విప్పలేదు. మేమేదో ఆస్తి తగాదాలో ఉన్నామనుకొని నర్సు నన్ను బయటికి పంపించేసింది. అయ్యా, నాకు చాలా భయంగా ఉన్నది. అర్జీలో ఇటువంటి ముక్కలు రాయకూడదని మా డిపో గుమస్తా చెప్పాడు. రాయకుండా ఉండలేకపోయాను.

5. బావకు ఒప్పుకోవలసిన మంచి ముక్క నా దగ్గర సిద్ధంగా ఉన్నది. అది వాళ్ల గోల్. వాళ్ల పొట్టివాడు మూల నుంచి కొడితే, బంతి మా గోలీ తల మీదుగా ఒంపు తిరిగి లోపలికి పోయింది. నేను పుట్టి బుద్ధెరిగాక అంత అందమైన గోల్ చూడలేదు. చప్పట్లు కొట్టేస్తానేమోనని చేతులు తొడల కింద పెట్టుకొని కూర్చున్నాను. ఈ సంగతి సోమవారం లోపల ఆయనకు చెప్పి తీరాలి.

6. నీ మెడలోనే విజిల్ ఉన్నది కదా, ఊదుకో అని తమరు అనవచ్చును. అది బస్సుకు చెల్లుతుంది గానీ ఆటకు చెల్లదు. డిపో మనిషి ఊదితే మిల్లు వాళ్లు ఊరుకోరు. తమరైతే ఏ పక్షమూ కాదు. ఆనాడు బంతిని ఫైలు లాగా చంకలో పెట్టుకొని వెళ్తుంటే చూసి, తమరికి ఫుట్‌బాల్ ఓనమాలు కూడా రావని ఇరుపక్షాలకూ నమ్మకం కుదిరింది.

కావున తమరు దయతలచి రెండు గోల్‌లకూ తెల్లరంగు వేయించి, మిగిలిన సగం ఆట ఆడించవలెను. అంతలోగా, సోమవారానికి ముందే, తమ గది కిటికీ తెరిచి ఒక పొడుగు విజిల్ ఊదవలెను. ఆసుపత్రి రోడ్డుకు అవతలే కనుక బావకు వినబడుతుంది. నేను కిందనే నిలబడి ఉంటాను.

అవతలి పక్షం సంతకం లేనిదే అర్జీ తీసుకోబోమని తమ గుమస్తా గారు సెలవిచ్చినందున, ఈ కాగితాన్ని మా అక్క చేత ఆసుపత్రికి పంపుతున్నాను.

చిత్తగించవలెను, చిత్తగించి గట్టిగా ఊదవలెను.

తమ విధేయుడు,
ఎరుపు పక్షం కండక్టరు

తా.క.: అయ్యా, నేను అవతలి పక్షాన్ని. మంచం మీద నుంచి రాస్తున్నాను, గీతలు వంకరపోతే మన్నించాలి. తెల్లరంగుకు ఒప్పుకుంటున్నాను. అయిదో అంశం చదివాను. మా ఆవిడ చేత ఇంకోసారి చదివించుకున్నాను. నేనూ ఒకటి ఒప్పుకోవాలి గానీ, అది ఎదురుగా చెప్పేది.

ఆరో అంశం గురించి: మా వాళ్లు ఊరుకోరనే కదా వాడి విజిల్ చెల్లదన్నది. ఇక్కడున్న మిల్లు మనిషిని నేనొక్కడినే, నాకు అభ్యంతరం లేదు. కాబట్టి కిటికీ దగ్గర మీరు శ్రమపడనక్కర్లేదు. ఈ కాగితం మీకు చేరేలోపు మా ఆవిడ వాడికి చూపిస్తుంది.

ఒరేయ్, రేపు డ్యూటీ దిగి సరాసరి ఇక్కడికి రా. విజిల్ మెడలోంచి తీయకు. నర్సుకి నేను చెప్పుకుంటాను.