నల్ల మొక్కజొన్నకి సన్మానం

అక్కా,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా ఒళ్ళు మండిపోవడం తప్ప.

అమ్మ నాటి నల్ల మొక్కజొన్న విత్తనం, పొయ్యి మీద పొగలో వేలాడే కంకులు, గుర్తున్నాయిగా? సాన్ ఇసిద్రో జాతరకని ఆ కంకుల్ని మేయరు భార్య దోన్యా ఒలింపియా పట్టుకుపోయింది. "మొక్కజొన్న రాణి అలంకారానికేనే! జాతర కాగానే నీ కంకులు నీకు చేరుస్తాం" అంది. రాణి ఎవరనుకున్నావు, ఆవిడ కూతురే.

జాతరలో నన్ను వేదిక ఎక్కించారు. "మన తాతల నాటి విత్తనాన్ని కాపాడిన తల్లి ఈవిడే!" అని మేయరు నా మెడలో పతకం వేశాడు. అప్పుడు చూశాను, వెనక నిలబడ్డ రాణి లంగా. అమ్మ గింజలన్నీ వలిచి, దాని నిండా జిగురుతో అతికించి, పైన వార్నిషు పూశారు. జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

కిందికి దిగి, "ఇవి ఇంకేం మొలుస్తాయమ్మా?" అని దోన్యా ఒలింపియానే అడిగాను.

"ఛీ, ఎంత పొగ కంపే అవి! అతికించే ముందు బాగా ఉడకబెట్టించాను" అంది, ముక్కు మూసుకుని.

మర్నాడు పొద్దున్నే మాట నిలబెట్టుకుంది. ఆ లంగా మడతపెట్టి మా ఇంటికి పంపింది.

వానలు దగ్గరపడ్డాయి. పెళ్ళప్పుడు నువ్వు పట్టుకెళ్ళిన విత్తనం ఇంకా ఉంటే, నాలుగు కంకులు బావకిచ్చి బంగాళాదుంపల లారీ మీద పంపు. పాత గుడ్డలో చుట్టు, ఎవరి కంటా పడనీయకు.

కంకులు కట్టే మేకుకి ప్రస్తుతం ఆ పతకం తగిలించాను. నీ విత్తనం వచ్చేదాకా అదే పొగ తింటూ ఉంటుంది.

నీ చెల్లి